ఎలివేషన్ బాగుంది, మరి బళ్లెక్కడ పెడతారు?

పట్నం నడిబొడ్డున పాత ఇల్లొకటి కూలగానే ముందు రేకులొస్తాయి. రేకుల మీద ఫ్లెక్సీ వస్తుంది. ఫ్లెక్సీ మీద రాబోయే హోటల్ బొమ్మ: అద్దాల గోడలు, అంచుల వెంట నీలిరంగు లైట్లు, గుమ్మం ముందు రెండు పెద్ద కార్లు, ఈ నేలలో ఎప్పుడూ మొలవని రకం చెట్లు నాలుగు. ఆ బొమ్మలో కరెంటు తీగలుండవు. ఆటోలుండవు. ఆవులుండవు. మురుక్కాలువ అసలే ఉండదు. రోడ్డు మాత్రం ఉన్నదానికి నాలుగింతలు ఉంటుంది. విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా ఆ దారిన పోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగి చూస్తారు. "ఎలివేషన్ బాగుంది" అంటారు. ఆ వెంటనే రెండో మాట వస్తుంది: "మరి బళ్లెక్కడెడతారు?"

కొత్త హోటల్ రూపం మీద ఊరివాళ్ల అభిప్రాయం ఏమిటన్న ప్రశ్నంతా ఈ రెండు మాటల నడుమే ఉంది. మొదటి మాటనే అభిప్రాయంగా లెక్కలో వేసుకుని, రెండోదాన్ని ఫిర్యాదుగా పక్కన పెట్టడం కట్టేవాళ్లకూ అనుమతులిచ్చేవాళ్లకూ అలవాటు. నిజానికి డిజైన్ గురించి తెలిసి మాట్లాడేది రెండో మాటే.

ముందు హోటల్ అనే మాట సంగతి. ఉత్తరాంధ్రలో "హోటల్‌కెళ్లొస్తా" అంటే ఇడ్లీ తినొస్తానని. పడుకోడానికైతే లాడ్జి. అంతకుముందు సత్రం, పూటకూళ్ల ఇల్లు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' మొదలయ్యేదే విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన ఆ నాటకంలో పూటకూళ్లమ్మ లేకపోతే గిరీశానికి నీడా లేదు, కూడూ లేదు. ఆ ఇంటికి బోర్డు లేదు, ఎలివేషన్ లేదు. కానీ అక్కడెవరు తింటున్నారో, ఎవరు బాకీ పడ్డారో ఊరందరికీ తెలుసు. బస గురించీ భోజనం గురించీ ఊరు అభిప్రాయం చెప్పడం ఇక్కడ నూరేళ్ల పైబడిన అలవాటే. మారిందల్లా కట్టడం పరిమాణం. పూటకూళ్ల ఇల్లు వీధిలో ఒక ఇల్లు. ఇప్పుడు రాబోయేది వీధిని మార్చేసే కట్టడం: కింద సెల్లారు, దాని మీద రెస్టారెంటు, ఆ పైన గదులు, అన్నిటికీ మీద ఫంక్షన్ హాలు.

ఇలాంటి కట్టడాలకు ఇప్పుడే ఊపు రావడానికి కారణం కళ్లెదుటే ఉంది. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం లేచింది. దాని చుట్టూ భూముల లెక్కలు మారాయి. విశాఖకు పోకుండా ఇక్కడే దిగి ఇక్కడే ఉండే అతిథి మీద అందరికీ ఆశ. శ్రీకాకుళానిది ఇంకో కథ. ఆ ఊరికి రైల్వేస్టేషను ఊళ్లో లేదు. పన్నెండు, పదమూడు కిలోమీటర్ల అవతల ఆమదాలవలసలో 'శ్రీకాకుళం రోడ్డు' పేరుతో ఉంది. దాంతో లాడ్జీలు ఆర్టీసీ కాంప్లెక్సు, డే అండ్ నైట్ జంక్షను, ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కలకు చేరాయి. ఇప్పుడు కొత్తవి జాతీయ రహదారి వైపు చూస్తున్నాయి.

మరి ఊరిని ఎవరైనా అడుగుతారా? ఈ ప్రశ్నకు జవాబు చట్టంలో వెతికితే కొంత ఆశ్చర్యంగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో కట్టడాల అనుమతులకు ఆధారం 2017 మార్చిలో 119వ నంబరు జీవోతో వచ్చిన భవన నిబంధనలు. రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ ఎంత జాగా వదలాలి, ఎంత ఎత్తు లేపచ్చు, బళ్లకు ఎంత చోటు, అగ్నిమాపక శాఖ అనుమతి ఎప్పుడు కావాలి వంటివన్నీ అందులో ఉన్నాయి. 18 మీటర్లు చేరితే ఎత్తైన భవనం కింద లెక్క. ఇరుగుపొరుగు ఏమనుకుంటున్నారో అడిగి రాయాలన్న గడి మాత్రం లేదు. పర్యావరణ అనుమతి దగ్గరైనా ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందేమో అనుకుంటే అక్కడా అంతే. 2006 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణ విస్తీర్ణమున్న భవనాలకే ఆ అనుమతి కావాలి. వాటికి కూడా బహిరంగ విచారణ అక్కర్లేదని అదే నోటిఫికేషను మినహాయించింది. విజయనగరం నడిబొడ్డున వచ్చే అరవై, డెబ్బై గదుల హోటల్ ఆ కొలతను తాకను కూడా తాకదు.

పౌరుడి మాట చెల్లే చోటు ఒకటుంది, మాస్టర్ ప్లాను. విశాఖ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థ 2041 ప్లాను ముసాయిదాను 2021లో బయటపెట్టి అభ్యంతరాలు కోరింది. విజయనగరం ఆ సంస్థ పరిధిలోనిదే. కానీ మాస్టర్ ప్లాను చూపించేది రంగులు: ఇది నివాసం, ఇది వాణిజ్యం, ఇక్కడ రోడ్డు వెడల్పవుతుంది. ఫలానా మలుపులో ఫలానా కట్టడం ముఖం ఎటు తిరుగుతుందో, దాని జనరేటరు ఎవరి కిటికీ కింద మోగుతుందో అందులో దొరకదు. మంజూరైన ప్లాను నకలును కట్టే చోట అందరికీ కనిపించేలా పెట్టాలన్నది అనుమతి పత్రాల్లో మామూలుగా ఉండే షరతు. ఆ నకలు కోసం వెతికితే కనబడేది ఫ్లెక్సీ. ఇక మిగిలేది సోమవారంనాడు కలెక్టరేట్‌లో అర్జీ. అప్పటికి పునాది పడి స్లాబు దాకా వచ్చి ఉంటుంది.

పునాదికి ముందు అభిప్రాయం అడిగే పద్ధతే మనకు లేదనుకుంటే పొరపాటు. వాస్తు సిద్ధాంతిని అడుగుతారు. ఆయన ఈశాన్యం బరువైందంటే ప్లాను మార్చి గీయిస్తారు, మెట్లు తిప్పిస్తారు, గేటు జరిపిస్తారు. విజయనగరం కోటకే 1713లో ముహూర్తం చూసి, విజయ నామ సంవత్సరంలో విజయదశమినాడు, జయవారమని పేరున్న మంగళవారం శంకుస్థాపన చేశారని చరిత్ర. అన్నీ జయాలే కలిసొచ్చేలా. అంత ఓపికగా దిక్కుల్ని సంప్రదించే చోట పక్కింటివాణ్ణి సంప్రదించడం పెద్ద కష్టమేమీ కాదు.

అడగకపోతే ఏమవుతుందో విజయనగరం వాళ్లు చూశారు. ఊళ్లో రెండు పాత కట్టడాలు పోయాయి. మొదటిది కోటలోని మోతీమహల్. మూడో విజయరామరాజు 1869లో కట్టించిన ఆ దర్బారు భవనాన్ని 1979లో అదే వంశానికి చెందిన పి.వి.జి. రాజు మాన్సాస్ విద్యాసంస్థలకు ఇచ్చారు. శిథిలమైందన్న కారణంతో దాన్ని కూల్చారు. రెండోది మూడు లాంతర్లు. 2020 మే నెల, లాక్‌డౌన్ రోజులు, జనం ఇళ్లలో ఉన్నారు. కూడలి మధ్యలో నూటయాభై ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ దీపస్తంభాన్ని తొలగించారు. ఊళ్లోనే కాదు, రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. విజయనగరాన్నేలిన పూసపాటి వంశీకుడు, మాజీ కేంద్రమంత్రి అశోక్ గజపతిరాజు బాహాటంగా ఆక్షేపించారు. ఇది సుందరీకరణ పనిలో భాగమేనని అధికారుల జవాబు.

ఆ గొడవలో గమనించాల్సింది పార్టీల వాదోపవాదాలు కాదు. మూడు లాంతర్లు శిల్పపరంగా గొప్ప కట్టడమేమీ కాదు. తంజావూరు గోపురం కాదు, కనీసం పక్కనున్న గంటస్తంభమంత కూడా కాదు. అయినా దాన్ని ముట్టుకుంటే ఊరు ఉలిక్కిపడింది. ఎందుకంటే దాని పేరుతోనే దారి చెబుతారు. పైడితల్లి అమ్మవారి చదురుగుడి అక్కడే. సిరిమాను ఊరేగింపు అక్కణ్ణుంచే కోటకు వెళ్లి వస్తుంది. కట్టడం రూపం మీద జనానికి ఉండే అభిప్రాయం అందం మీద అభిప్రాయం కాదని, అలవాటు మీద అభిప్రాయమని ఆ మూడు లాంతర్లు చెప్పకనే చెప్పాయి. మామూలు రోజుల్లో ఎవరూ తలెత్తి చూడని స్తంభం అది. పోయాకే అందరూ చూశారు.

గంటస్తంభం సంగతి ఇంకో రకం. 1885లో లండన్ వెస్ట్‌మినిస్టర్ గడియారాన్ని మనసులో పెట్టుకుని ఎనిమిది పలకలుగా, 68 అడుగుల ఎత్తున ఇసుకరాయితో కట్టారు. మొదట్లో రాయి సహజమైన లేత రంగులోనే ఉండేది. తర్వాత ఎప్పుడో ఎరుపు, మీగడ రంగులు పూశారు. ఇవాళ ఆ ఎరుపూ మీగడా లేని గంటస్తంభాన్ని ఎవరూ ఊహించుకోలేరు. అంటే సీమ నుంచి అరువు తెచ్చుకున్న నమూనా, దాని మీద తర్వాత ఎక్కిన రంగు, రెండూ కలిసి ఇప్పుడు 'మన సంప్రదాయం'. పాతదంటే స్వదేశీ, కొత్తదంటే పరాయి అన్న లెక్కతో కొత్త హోటల్‌ని తూచబోయేవాళ్లు ఈ స్తంభం కింద కాసేపు నిలబడాలి.

హోటలే కేంద్రంగా నడిచిన అసలైన రభస మాత్రం పక్క జిల్లాది. విశాఖ రుషికొండ మీద పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్టు ఉండేది. 58 గదులు. ఖరీదైనది కాదు, కానీ కిటికీ తీస్తే సముద్రం. విజయనగరం, శ్రీకాకుళాల నుంచి పిల్లల్ని తీసుకుని వెళ్లే ఉద్యోగి కుటుంబానికి అందుబాటులో ఉన్న సముద్రం అది. 2021లో దాన్ని కూల్చి 9.88 ఎకరాల్లో కొత్త రిసార్టు పని మొదలుపెట్టారు. 2022 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆపమంది. జూన్‌లో సుప్రీంకోర్టు, అప్పటికే చదును చేసిన మేర మాత్రమే కట్టుకోవచ్చని చెప్పి వ్యవహారాన్ని హైకోర్టుకు అప్పగించింది. తవ్విన కొండ ఎర్రగా కనబడుతుంటే 2023లో దాని మీద పచ్చటి పట్టా కప్పారు. ఆ పట్టా మీద పేలిన హాస్యానికి లెక్కలేదు. 2024 ఫిబ్రవరి 29న ప్రారంభోత్సవం జరిగింది. జూన్‌లో ప్రభుత్వం మారాక ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు విలేకరుల్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్తే పాలరాయి, షాండిలియర్లు, స్నానాల తొట్టి బయటి ప్రపంచానికి కనబడ్డాయి. ఖర్చు దాదాపు 450 కోట్ల రూపాయలని లెక్క.

అది హోటలా, ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయమా అన్న వాదనకు అంతులేదు. డిజైన్ కోణంలో చూస్తే జరిగింది ఇది: ప్రజల సొమ్ముతో, ప్రజల కొండ మీద కట్టిన కట్టడం ప్లాను మూడేళ్లపాటు జనానికి కనబడలేదు. కోర్టు కాగితాల్లోంచి, దూరం నుంచి తీసిన ఫొటోల్లోంచి ఊహించుకోవాల్సి వచ్చింది. చివరికి దీన్ని దేనికి వాడుకోవాలో చెప్పండంటూ 2025 అక్టోబరులో పర్యాటక శాఖ ప్రజల నుంచి సూచనలు కోరింది. అడగడం మంచిదే. కాకపోతే పెళ్లి అయ్యాక పిల్ల నచ్చిందా అని అడిగినట్టుంది.

ఇక ఆ రెండో మాట, "బళ్లెక్కడెడతారు" అన్నదాని దగ్గరికి.

హోటల్ వస్తోందంటే పక్కవీధివాళ్లు తలుచుకునేవి ఎప్పుడూ ఇవే: బళ్లు, నీళ్లు, కాలువ, డీజే, చెత్త. వాస్తుశిల్పులు వీటిని "నిర్వహణ సమస్యలు" అంటారు. కానీ ఒక్కొక్కదాని వెనక గీతలోని తప్పో ఒప్పో ఉంటుంది. సెల్లారులోకి దిగే వాలు రోడ్డు అంచునే మొదలైతే, లోపల చోటున్నా ఏ డ్రైవరూ దిగడు. పెళ్లినాటి రాత్రి కార్లన్నీ వీధిలోనే. వంటగది పొగగొట్టం వెనక సందులోకి తిరిగితే ఆ సందులో కిటికీలు శాశ్వతంగా మూతపడతాయి. నీళ్ల లెక్క ఇంకా సూటిది. భారతీయ ప్రమాణాల్లో ఇంట్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, హోటల్‌లో పడకకు 180, నాలుగు నక్షత్రాలూ ఆపైనదైతే 320. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే వీధిలో ఈ అంకెలు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. శబ్దానికీ నిబంధన ఉంది: రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదు, నివాస ప్రాంతంలో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఫంక్షన్ హాలును పై అంతస్తులో అద్దాలతో మూయకుండా వదిలేస్తే ఈ నిబంధనను ఏ పోలీసూ అమలు చేయలేడు. గీసినప్పుడే పోయింది అది.

బళ్ల ప్రశ్న ఒక్కోసారి ప్రాణాల ప్రశ్న. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఓ హోటల్ కింది భాగంలో నడిచే విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మంటలు లేచి, పైన గదుల్లో ఉన్నవాళ్లు ఎనిమిదిమంది చనిపోయారు. బళ్లు నిలపాల్సిన చోట వ్యాపారం, పైకీ కిందికీ ఒకే మెట్లదారి. అంతకు రెండేళ్ల ముందు, 2020 ఆగస్టు 9న, విజయవాడలో కోవిడ్ రోగుల్ని ఉంచిన హోటల్‌లో అగ్నిప్రమాదం జరిగి పదిమంది పోయారు. సెల్లారు దేనికి వాడుతున్నారు, వెనక మెట్లున్నాయా అని అడిగే పక్కింటి ముసలాయన ఎలివేషన్‌కి అడ్డం పడుతున్నట్టు కనిపించవచ్చు. ఆయన అడిగేది ప్లానులో అన్నిటికన్నా ముఖ్యమైన పుట.

అద్దాల సంగతి ఈ తీరంలో విడిగా చెప్పుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు విమానాశ్రయం పైకప్పే చిరిగిపోయింది; తీరం వెంట అద్దాల ముఖాలున్న భవనాలు ఒక్క పూటలో బోసిపోయాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వజ్రపుకొత్తూరు, పలాస వైపు తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలపాలు చేసింది. ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. ప్రమాణాల పట్టికలో విశాఖ ప్రాంతానికి గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఇక్కడ అద్దంగోడ పెట్టకూడదని ఎవరూ అనరు. పెడితే దాని చట్రానికీ బిగింపుకీ అయ్యే ఖర్చు పెట్టాలి. చవకగా దొరికే మెరుపు రేకు, పల్చటి అద్దం, సిలికాన్ పూతతో ముగించిన ముఖం తుఫానులో తనను తాను కాపాడుకోలేకపోవడమే కాదు, కిందనున్న రోడ్డు మీద గాజుపెంకుల వాన కురిపిస్తుంది. కరెంటు పోయినప్పుడు తెరుచుకోని అద్దాల గదిలో అక్టోబరు ఉక్క ఎలా ఉంటుందో అదో ముచ్చట.

ఈ తీరంలో గాలిని ఎరిగిన ఇల్లు ఒకటుండేది: చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, నేల దాకా వంగిన తాటాకు కప్పు. గాలికి పట్టు దొరికే మూల దానికి లేదు. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా పల్లెల్లో ఒకప్పుడు మామూలుగా కనబడేది, ఇప్పుడు వెతుక్కోవాలి. అయితే ఇక్కడో ప్రమాదముంది. 'స్థానికత' అనగానే హోటళ్లవాళ్లు తోటలో ఉత్తుత్తి చుట్టిల్లొకటి వేసి దాని కింద కాఫీ అమ్ముతారు. లాబీలో గాజుపెట్టెలో బొబ్బిలి వీణ, గోడకు పొందూరు ఖద్దరు, మూలన బుడితి ఇత్తడి బిందె. గుమ్మం మీద శ్రీముఖలింగం శిఖరం ప్లాస్టరాఫ్ పారిస్‌లో. ఇవన్నీ పెట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ చుట్టింటి నుంచి నేర్చుకోవాల్సింది దాని బొమ్మ కాదు, కప్పు వాలు. పాత అగ్రహారం ఇళ్ల నుంచి నేర్చుకోవాల్సింది చెక్కడం కాదు, అరుగు. ఇంటివాళ్ల జాగాలోనే ఉన్నా అరుగు మీద కూర్చునేది వీధివాళ్లు. ఇవాళ్టి హోటల్ ముందు సెక్యూరిటీ కుర్చీ ఒక్కటే ఉంటుంది. రోడ్డు వైపు నాలుగడుగుల నీడ, కూర్చోడానికో దిమ్మ, ఓ మంచినీళ్ల కుళాయి ఇచ్చిన కట్టడం మీద ఊరి అభిప్రాయం ఎలా ఉంటుందో తెలుసుకోడానికి సర్వే అక్కర్లేదు.

అరసవల్లిని చూస్తే ఇంకో విషయం తడుతుంది. సూర్యనారాయణస్వామి గుడిలో ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు తొలి కిరణాలు గాలిగోపురం మీదుగా, అనివెట్టి మండపం దాటి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీలకు భక్తులు చీకటితోనే వచ్చి నిలబడతారు. అది ఒక వాస్తుశిల్పి ఎప్పుడో గీసిన గీత. ఆ గీత గుడి ప్రహరీతో ఆగదు. తూర్పున ఎంత దూరం దాకా ఎంత ఎత్తు లేపచ్చన్నది కూడా ఆ గీతలో భాగమే. కట్టడం తన స్థలానికి బయట ఉన్నవాటితో కూడా ముడిపడి ఉంటుందనడానికి శ్రీకాకుళం వాళ్లకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

పక్క దేశంలో ఒక హోటల్ కథ ఈ చర్చలో రెండు పక్షాలకూ పనికొస్తుంది. శ్రీలంకలో దంబుల్లా గుహాలయాల దగ్గర, పాత చెరువు ఒడ్డున కందలామ హోటల్ కట్టబోతే 1990ల మొదట్లో బౌద్ధ భిక్షువులు, రైతులు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వీధికెక్కారు. చెరువు పాడవుతుందని, పుణ్యక్షేత్రం పక్కన విలాసాలేమిటని. వాస్తుశిల్పి జెఫ్రీ బావా కొండవాలుకు అంటిపెట్టుకుని, స్తంభాల మీద లేచి, ముఖమంతా తీగలు కమ్ముకునేలా దాన్ని గీశాడు. 1994లో తెరిచారు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ వాస్తుశిల్ప విద్యార్థులు దాన్ని చూడ్డానికి వస్తారు. "చూశారా, జనానికేం తెలుసు" అనేవాళ్లు దీన్నే చూపిస్తారు. అంత గట్టిగా ఎదిరించినవాళ్లు ఉండగా అజాగ్రత్తగా కట్టడం సాధ్యమా అని ఇటువైపు వాళ్లూ అడగవచ్చు.

పాతదాన్నే హోటల్‌గా మారిస్తే? హైదరాబాదులో రెండు జవాబులున్నాయి. వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమాను తాజ్ సంస్థ దాదాపు పదేళ్లు మరమ్మతు చేసి 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరిచింది. కట్టడం బతికింది, లోపలికి పోయే స్తోమత కొద్దిమందికే. హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ కొన్ని దశాబ్దాలు రిట్జ్ హోటల్‌గా వెలిగి, మూతపడ్డాక పాడుబడింది. హోటల్‌గా మార్చడం రక్షణ కావచ్చు, కాకపోవచ్చు. విజయనగరం కోట ఈ రెంటికీ దూరంగా ఆడపిల్లల కాలేజీని నడుపుతోంది. సంగీత కళాశాల 1919 నుంచి తన చోటనే ఉంది. పాత కట్టడాలకు అతిథులకన్నా విద్యార్థులే మంచి కాపలాదారులని ఈ ఊరి అనుభవం, కనీసం మోతీమహల్‌ను పక్కన పెడితే.

ఇంతవరకూ చెప్పిందంతా ఒకవైపు మొగ్గు చూపినట్టుందని ఎవరైనా అంటే ఒప్పుకోవాలి. రెండోవైపు బలమైనది, తీసిపారేసేది కాదు. ఈ జిల్లాల పేరు వెనక 'వెనుకబడిన' అన్న మాట తగిలించి దశాబ్దాలైంది. హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో మెరిసే భవనాల కింద సిమెంటు మోసినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం మనుషులు లెక్కకు మిక్కిలి. తమ ఊళ్లోనూ అలాంటిదొకటి లేవాలని వాళ్ల పిల్లలు కోరుకుంటే అది ఆత్మగౌరవం. అద్దం మీద వాళ్లకున్న మోజును చూసి ముఖం చిట్లించే హక్కు, ఏసీ గదిలో కూర్చుని పెంకుటింటి అందం గురించి రాసేవాళ్లకు లేదు. పెళ్లికి వచ్చిన బంధువుల్ని మంచి గదిలో దింపాలన్నా విశాఖ దాకా పంపాల్సి రావడం ఏ ఆడపెళ్లివారికైనా చిన్నతనమే.

అదే మనుషులకు కట్టడాల గురించి ఇంకోటి కూడా తెలుసు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాకంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో ఎందరివో శ్రీకాకుళం, విజయనగరం పల్లెలే. ఆ ఊళ్లకు శవపేటికలు అంబులెన్సుల్లో వరసగా వచ్చాయి. ఇక్కడి మేస్త్రీకి, సెంట్రింగు కూలీకి డిజైన్ అంటే పునాది లోతు, కమ్మీ మందం, స్లాబు ఊడదీసే రోజు. నివాసుల అభిప్రాయం అంటూ ఎవరైనా నిజంగా కాగితం పట్టుకుని బయలుదేరితే వర్తక సంఘంతో, రోటరీ క్లబ్బుతో ఆగకుండా పొద్దున్నే అడ్డా మీద పనికోసం నిలబడ్డవాళ్లను కూడా అడగాలి. త్రీడీ బొమ్మను చూసి ఏ దూలం నిలబడదో చెప్పగలిగేది వాళ్లే.

అడిగించడానికి కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. అంతస్తుల ప్లాను, బళ్ల దారి, కాలువ ఎక్కడ కలుస్తుందో చూపే గీత, ఈ మూడూ తెలుగులో అచ్చువేసి వార్డు కార్యాలయం గోడకు నెల రోజులు అతికిస్తే చాలు. నగరపాలక సంస్థ పెద్ద కట్టడాలకు ఇది షరతుగా పెట్టవచ్చు. వచ్చిన ప్రతి మాటకూ తలొగ్గాలని కాదు. ఎందుకు ఒప్పుకోలేదో ఒక పంక్తి రాస్తే సరిపోతుంది. సమాచార హక్కు కింద ఎలాగూ ఇవ్వాల్సిన కాగితాలే ఇవి.

ఇలా గోడకు అంటించిన ప్లాను విజయనగరంలోనే, మూడు లాంతర్లకూ కోటకూ మధ్య దారిలో వచ్చే హోటల్‌దైతే అడగబోయే మొదటి ప్రశ్నను ఇప్పుడే ఊహించవచ్చు. దసరా వెళ్లిన మంగళవారం, దాదాపు అరవై అడుగుల మాను కొసన పూజారి కూర్చుని ఉండగా సిరిమాను ఆ దారిన మూడుసార్లు వెళ్లి వస్తుంది. ఆ పూట డాబాలూ బాల్కనీలూ ఇంటివాళ్లవి కావు, ఎక్కినవాళ్లవి. పై అంతస్తు ఎంత ముందుకు చొచ్చుకొస్తుంది, గుమ్మం మీది పందిరి ఎంత ఎత్తున ఉంటుంది, ఆ రోజు మేడ మెట్లు తెరుస్తారా అని అడుగుతారు. 119వ నంబరు జీవోలో వీటిలో చివరిదానికి గడి లేదు.